నిలబడి తాగే టీ

పాస్టరు గారింటి నుంచి నేను అడిగి తెచ్చిన కుర్చీ మా ఇంట్లో ఒక్క పూట కూడా నిలవలేదు.

“ఎవరికది?” అంది మా పెద్దాడపడుచు సియేని, చాప మీద నుంచి లేవకుండానే.

“కుట్టుపనికి వదినా. తెల్ల ఆదివారం నెల్లాళ్ళు కూడా లేదు. పిల్లలందరికీ తెల్లబట్టలు కుట్టాలి. కింద కూచుంటే నడుం పట్టేస్తోంది.”

“మా అమ్మ పదకొండు మంది పిల్లలకి కింద కూచునే కుట్టింది. ఆవిడకి నడుం లేదేంటి?”

“ఉంది వదినా.”

“నాన్న చాప మీద కూచునుంటే ఆయన నెత్తికి ఎదురుగా నీ మోకాళ్ళా? కాలేజీలో ఇదేనా నేర్పింది?”

మా దీవిలో ఇళ్ళకు గోడలుండవు, స్తంభాలే. దారిన పోయే ఇద్దరు ఆడవాళ్ళు నడక తగ్గించారు. వాళ్ళలో ఒకామె, “కుర్చీ బాగుంది లూపే, ఎవరైనా దొర వస్తున్నాడా ఏంటి?” అని నవ్వింది. నేనూ నవ్వాను. కుర్చీని ఎత్తుకుని వెనక వంటపాకలోకి తీసుకుపోయాను.

నడుం నొప్పి అబద్ధం. కుర్చీ నా కూతురు మసీనా కోసం.

ఆ ఇంట్లో పిల్లలు తొమ్మిది మంది. నా కడుపున పుట్టింది మసీనా ఒక్కతే. దానికి పదిహేడేళ్ళు. ఆ ఏడాది మా దీవులన్నిటికీ కలిపి పెట్టిన పరీక్షలో మొదటి పేరు దానిది. రేడియోలో చదివారు. న్యూజీలాండ్‌లోని ఒక ధర్మనిధి వాళ్ళు ఏటా ఒక్క పిల్లనో పిల్లవాడినో పైచదువుకు తీసుకుపోతారు. ఈ ఏడు ఆ ఒక్కరూ మసీనాయే అని ఊరు ఊరంతా తేల్చేసింది. మా మామగారు ఊరి తరఫున మాట్లాడే పెద్దమనిషి. సభలో పొడుగు కర్ర ఆనించి నిలబడి ఆయన మాట్లాడితే పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వినడానికి వస్తారు. ఆయన సంతోషం పట్టలేక పందిని కోయించి ఊరికి పంచారు.

ఆగస్టులో ఆపియా పట్నంలో ఇంటర్వ్యూ పెట్టారు. మొదటి పదిమందినీ పిలిచారు. మసీనా వెళ్ళి వచ్చింది. అక్కడేం జరిగిందో దాని చేత చెప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

“ఏం అడిగారే?”

“ఈ అవకాశం నీకే ఎందుకివ్వాలి అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“మిగతావాళ్ళు కూడా బాగా చదువుతారండీ అన్నాను.”

“తరవాత?”

“మీ మాస్టార్లు చెప్పినదాంట్లో ఎప్పుడైనా తప్పుందనిపించిందా అన్నారు. లేదండీ అన్నాను.”

“నిజంగా అనిపించలేదా?”

“ఎందుకనిపించలేదు? లెక్కల మాస్టారు రెండు చోట్ల తప్పు చెప్పారు.”

“మరి ఆ మాటే చెప్పకపోయావా?”

అది నా వైపు వింతగా చూసింది. “మాస్టారి తప్పు పరాయివాళ్ళ ముందు చెప్తారా అమ్మా?”

ఇంటర్వ్యూ అయ్యాక టీ ఇచ్చారట. అందరూ కప్పులు చేత్తో పట్టుకుని నిలబడి, అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుకుంటున్నారట. నిలబడి తినడం, నిలబడి పెద్దలతో మాట్లాడటం, రెండూ మా దగ్గర పెంపకం లేనివాళ్ళ పనులు. మసీనా కప్పు అందుకుని, తల వంచి, గోడవారగా నేల మీద కాళ్ళు మడుచుకుని కూచుంది. ఎవరైనా వచ్చి పక్కన కూచుని పలకరిస్తారని ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. టీ చల్లారిపోయింది.

“విల్బర్ మాత్రం ఇంటర్వ్యూ చేసిన హాడ్లో దొరసానితో చాలాసేపు మాట్లాడాడు. మీ మోకాలు ఎలా ఉందండీ అని అడిగాడు,” అంది.

“ఆవిడకి మోకాలు నెప్పని వాడికెలా తెలిసింది?”

“అంతకుముందు రోజు ఆ దొరలంతా విల్బర్ వాళ్ళింటికే భోజనానికి వెళ్ళారట.”

విల్బర్ ఓడరేవులో పెద్ద దుకాణం ఉన్న వాళ్ళ అబ్బాయి. పరీక్షలో వాడిది తొమ్మిదో పేరు. నేను వాడిని ఒకసారి చూశాను. చెడ్డపిల్లాడు కాడు. వాళ్ళింట్లో చిన్నప్పటి నుంచీ పెద్దలతో పాటు బల్ల దగ్గర తింటాడు, వాళ్ళ మాటల్లో మాట కలుపుతాడు, వచ్చిన ప్రతి అతిథికీ చేయిచ్చి తన పేరు చెబుతాడు. పదహారేళ్ళు రోజుకు మూడు పూటలా చేసిన సాధన అది. మసీనా కూడా పదహారేళ్ళు సాధన చేసింది. పెద్దలు తింటుంటే విసనకర్రతో ఈగలు తోలింది. వాళ్ళ భోజనం ముగిసేదాకా నోరు విప్పకుండా కూచుంది. ఏ కప్పు ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరూ అడగకముందే కనిపెట్టింది. ఇద్దరూ తమ పాఠం చక్కగా నేర్చుకున్నారు. మార్కులు మాత్రం ఒక్క పాఠానికే ఉన్నాయి.

సెప్టెంబరులో కబురొచ్చింది. ఇద్దరి పేర్లు మిగిలాయి, విల్బర్, మసీనా. నిర్ణయించేముందు ఇద్దరి ఇళ్ళూ చూడటానికి వస్తారట. “మీ అమ్మాయి తెలివికి వంక పెట్టలేదమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు. “చొరవ కనపడలేదన్నారు. ఈ లోపల కొంచెం చూసుకోండి.”

మూడు వారాల్లో చొరవ నేర్పాలి. అందుకే కుర్చీ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ కునుకు తీస్తారు. ఆ వేళ వంటపాకలో, పొగ కమ్మిన గుంజల మధ్య కుర్చీ వేసి మసీనాని కూచోబెట్టేదాన్ని. నేను దొరసానిని.

“వెనక్కి కూచో. అంచు మీద కాదు, జారిపడేటట్టున్నావు.”

“ఇలాగా?”

“ఆ. ఇప్పుడు నా కళ్ళలోకి చూడు.”

చూసింది. వెంటనే దించేసింది.

“చూడవే!”

“పెద్దవాళ్ళ మొహంలోకి గుడ్లప్పగించి చూస్తే వీపు మీద చీపురు విరుగుతుందన్నావుగా.”

అన్నాను. ఒకసారి విరిచాను కూడా.

“ఇప్పుడు చూడమంటున్నాను. చెప్పు, ఈ అవకాశం నీకే ఎందుకివ్వాలి? నేను అని మొదలుపెట్టు.”

“మా కుటుంబం…”

“నేను.”

“మా స్కూలు…”

“నేను అనవే మొద్దూ! ఆ ఒక్క ముక్క నోట రాదా?”

అది కుర్చీ దిగి, నా ఎదురుగా మట్టినేల మీద బాసింపట్టు వేసుకుని కూచుంది.

“నువ్వను,” అంది.

“ఏంటే?”

“నువ్వొకసారి అని చూపించు. ఈ ఇంటికొచ్చి పంతొమ్మిదేళ్ళయింది కదా. కుర్చీ ఎవరికని అత్త అడిగితే కుట్టుపనికన్నావు. నా కూతురికి అని అనలేకపోయావు. నేను మాత్రం దొరల ముందు అనాలి.”

చెంప పగలగొట్టాల్సిన మాటే. చెయ్యి లేవలేదు. సీమపనస కాయ ఒకటి తీసుకుని చెక్కు తీస్తూ కూచున్నాను. చాలాసేపటికి చూసుకుంటే చెక్కుతో పాటు సగం కాయ పోయింది.

దాని మాటలో తప్పేమీ లేదు. మా దగ్గర మొగుడి ఊళ్ళో ఆడదానికి చేతులుంటాయి, నోరుండదు. ఆ ఇంట్లో పుట్టిన ఆడపడుచు మాట అన్నదమ్ములకు శాసనం. కోడలు వండుతుంది, ఉతుకుతుంది, వెనక వరసలో కూచుంటుంది. నేను టీచర్ల కాలేజీలో చదివి, ఆరేళ్ళు పట్నంలో పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. ఆ సంగతి అత్తింట్లో ఎవరూ మరిచిపోలేదు. దెప్పడానికి అక్కరకొస్తుంది కదా.

దొరలు వచ్చిన రోజు ఎండ పేలిపోతోంది. హాడ్లో దొరసాని, ఒక గడ్డం దొర, వాళ్ళతో హెడ్మాస్టరు. పెట్టెల్లోంచి సన్న మొగలిచాపలు తీసి పరిచాం. మామగారు ఎదుటి స్తంభానికి ఆనుకుని కూచున్నారు. కొబ్బరిచిప్పల్లో అతిథులకిచ్చే ఆవా వేరు పానీయం అందించడం అయ్యాక ఆయన స్వాగతం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళ పడవను పొగిడారు, వాళ్ళ రాణిని పొగిడారు, తన ఇంటి చేమదుంపల్ని తిట్టుకున్నారు, పాత వంశాల పేర్లు దండలా గుచ్చారు. పావుగంట అయ్యాక ఊపిరి తీసుకోవడానికి ఆగితే, హెడ్మాస్టరు దొరల వైపు వంగి, “మీరు రావడం సంతోషం అంటున్నారు,” అని ఇంగ్లీషులో చెప్పాడు.

మామగారు మళ్ళీ అందుకున్నారు. అప్పుడు జరిగింది. దొరసాని మోకాలు పట్టేసినట్టుంది. అటూ ఇటూ కదిలి, మొహం చిట్లించి, రెండు కాళ్ళూ బారచాపింది. అరికాళ్ళు రెండూ సూటిగా మామగారి గుండెకు ఎదురుగా నిలిచాయి.

నిండు సభలో పెద్దమనిషికి అరికాళ్ళు చూపించడాన్ని మించిన అవమానం మాకు లేదు. పొరుగూరి వాడొకడు అలా చేసి, రాళ్ళ దెబ్బలు తిని ఇంటికి పోయాడు. మామగారి చేతిలో ఈగలు తోలే పీచుకుంచె గాలిలోనే ఆగిపోయింది. మాట తెగిపోయింది. చుట్టూ కూచున్న మగపిల్లల మొహాలు గట్టిపడ్డాయి. హెడ్మాస్టరు నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఇంగ్లీషు వచ్చు, అమ్మా కాళ్ళు ముడుచుకోండి అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అంటే ఆవిడ తప్పు పదిమందిలో బయటపెట్టినట్టవుతుంది. అనకపోతే ఆయన పరువు పోతుంది.

వెనక వరసలోంచి మసీనా లేచింది. వేళ్ళు నేలకు తగిలేంతగా నడుం వంచి, పెద్దలకు అడ్డంగా వెళ్ళేటప్పుడు అడిగే మన్నింపు, “తులో, తులో,” అంటూ సభ మధ్యలోంచి నడిచింది. ఒక సన్నచాప దొరసాని కాళ్ళ మీద పరిచి, కొసలు పాదాల కిందికి దోపింది. ఆవిడ మొహంలోకి చూసి చిన్నగా నవ్వింది. వెనక్కి వెనక్కి నడిచి తన చోట్లో కూచుంది. పది అంకెలు లెక్కపెట్టేలోపు అంతా అయిపోయింది. మామగారు తెగిన మాట దగ్గరే అందుకుని, ఏమీ జరగనట్టు, ఇంకో పావుగంట మాట్లాడారు.

వెళ్ళేటప్పుడు దొరసాని నా చెయ్యి పట్టుకుంది. “మీ అమ్మాయిది ఎంత మంచి మనసమ్మా. నాకు చలేస్తుందేమోనని చాప కప్పింది.”

ఆవిడ మెడ మీద చెమట ధారలు కడుతోంది.

“అవునండీ,” అన్నాను.

“కానీ మరీ ఇంత నెమ్మదైతే ఎలా? నాతో నాలుగు మాటలైనా మాట్లాడలేదు. అక్కడి పిల్లల మధ్య తట్టుకోలేదు, పాపం.”

“అవునండీ,” అన్నాను మళ్ళీ. పరాయిభాష అడ్డొచ్చిందని నన్ను నేను సమర్థించుకోలేను. నా ఇంగ్లీషు బాగానే ఉంటుంది.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక మామగారు మసీనాని దగ్గరికి పిలిచారు. “నేను నాలిక ఎండిపోయేదాకా మాట్లాడిందంతా ఒకెత్తు. నువ్వు మాట్లాడకుండా చేసింది ఒకెత్తు. ఇవాళ ఈ ఇంటి పరువు కాచావు తల్లీ,” అన్నారు. అంత పెద్ద వక్త అంత మాట అంటే ఊళ్ళో మగవాడైతే నెల రోజులు చెప్పుకు తిరుగుతాడు. మసీనా తల వంచుకుని, చేతిలో విసనకర్ర ఊపుతూనే ఉంది.

అక్టోబరు మొదటివారంలో ఉత్తరం వచ్చింది. హెడ్మాస్టరు స్వయంగా తెచ్చాడు. అవకాశం విల్బర్‌కి ఇచ్చారు.

“అక్కడితో అయిపోలేదు, వినండి,” అన్నాడు హెడ్మాస్టరు ఉత్సాహంగా. “దొరసాని మసీనా గురించి ప్రత్యేకంగా రాశారు. విల్బర్ వాళ్ళమ్మగారు దీన్ని తమ ఇంట్లో ఉంచుకుంటామన్నారట. ఇంటిపనిలో, చిన్నపిల్లలతో కాస్త సాయం చేస్తూ, అక్కడి స్కూల్లో చదువుకుంటుంది. నలుగురితో కలవడం అలవాటవుతుంది. వచ్చే ఏడు మళ్ళీ చూస్తారట.”

“చూశావా, దేవుడు ఒక తలుపు మూస్తే కిటికీ అయినా తెరవకుండా ఉంటాడా!” అంది సియేని వదిన. “మాటతీరు వస్తుంది, బల్ల మీద తినడం వస్తుంది. మనింట్లో ఏం నేర్చుకుంటుంది, చేపలు తోమడమా?”

“అక్కడ ప్లేట్లు తోమడం,” అన్నాను.

నేను బయటికే అన్నాను గాని, మెల్లగా అన్నాను. నా భర్త ఫాలానికో ఒక్కడికే వినపడింది. ఆయన మంచి మనిషి. చేమతోటలో పొద్దుగుంకేదాకా కష్టపడతాడు, అక్క మాటకు ఎదురుచెప్పడు. “నాన్న సరేనన్నాక మనమేమంటాం లూపే,” అన్నాడు అంతే మెల్లగా.

మామగారు మసీనా వైపు తిరిగారు. “వెళతావా తల్లీ?”

“అలాగే తాతా.”

ఆ మాట అంటూ అది తాత వైపు చూడలేదు. నా వైపు చూసింది. కళ్ళలోకి సూటిగా, వంటపాకలో మూడు వారాలు నేర్పినా రాని చూపు. నేనే ముందు తల దించుకున్నాను.

మర్నాడు అది తన రెండు గౌన్లు ఉతికి ఆరేసింది. నేను పట్నంలో నా పాత హెడ్‌మిస్ట్రెస్‌కు ఉత్తరం రాసి బస్సు డ్రైవరు చేతికిచ్చాను. ఉత్తరంలో మూడే వాక్యాలున్నాయి. ఎందుకో, ఏమిటో రాయలేదు. ఆవిడ జవాబు శనివారం అదే డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. అందులోనూ మూడే వాక్యాలు.

మర్నాడే తెల్ల ఆదివారం. ఏడాదికొక్కసారి ఆ రోజు చర్చిలో పిల్లలే బైబిలు కథలు చెబుతారు, పిల్లలే పాడతారు, పెద్దలు వెనక కూచుని వింటారు. ఇంటికొచ్చాక పిల్లలు ముందు భోంచేస్తారు. తిన్నంతసేపూ పెద్దలు వడ్డించాలి. ఊళ్ళో ఎంత గొప్ప వక్తయినా ఆ పూట గిన్నె మోయాల్సిందే.

తొమ్మిది మంది పిల్లలు తెల్లబట్టల్లో వరసగా కూచున్నారు. మసీనా పెద్దది గనుక మొదట కూచుంది. అరిటాకుల మీద కాల్చిన పంది మాంసం, కొబ్బరిపాలు పోసి చుట్టి రాళ్ళ పొయ్యిలో ఉడికించిన లేత చేమాకు పొట్లాలు, సీమపనస. మామగారు స్వయంగా కోకో పాయసం పోస్తున్నారు. సియేని వదిన ఈగలు తోలుతోంది.

“తాతా, నాకు తక్కువ పోశావు!” అన్నాడు అందరికన్నా చిన్నవాడు.

“పోస్తాను దొరగారూ, ఇవాళ మీ రాజ్యం,” అన్నారాయన. అందరూ నవ్వారు.

“మసీనాకి ఇంకో పొట్లం వెయ్యండి,” అంది వదిన. “రేపీపాటికి దొరలింట్లో ఉంటుంది. ఏమే, కత్తీ ఫోర్కూ పట్టుకోవడం వచ్చాక మమ్మల్ని గుర్తుపడతావా?”

“వాళ్ళింట్లో పిల్లలు తిన్నాక తినాలేమో కదా అత్తా,” అంది మసీనా. గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

వదిన విసనకర్ర ఒక్కసారి ఆగి, మళ్ళీ ఊగింది.

మా ఇళ్ళల్లో మాట్లాడదలుచుకున్న మనిషి ముందు కూచోవాలి. చేతిలోని మాంసం పళ్ళెం కిందపెట్టి, ఎదుటి వరసలో, మామగారికి ఎదురుగా ఉన్న స్తంభం దగ్గర కూచున్నాను. పంతొమ్మిదేళ్ళలో అక్కడ నేను ఊడవడమే గాని కూచోలేదు.

“లూపే, పిల్లలు తింటున్నారు. లే,” అంది వదిన.

“ఒక మాటుంది మామయ్యా.”

ఆయన పాయసం గరిటె గిన్నెలో పెట్టేశారు. నన్ను కాసేపు చూసి, కింద కూచున్నారు. వినడానికి కూచున్నారు.

“నేను రేపు తెల్లవారి బస్సుకి ఆపియా వెళుతున్నాను. మసీనా నాతో వస్తుంది. విల్బర్ వాళ్ళింటికి కాదు, మా అన్నయ్య ఇంటికి. నా పాత స్కూల్లో నాకు నాలుగో తరగతి ఇచ్చారు. నేను పాఠం చెబుతాను, ఇది చదువుకుంటుంది. వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష రాసి, మళ్ళీ ఆ గదిలోకి వెళుతుంది. ఒకళ్ళ ఎంగిలి ప్లేట్లు కడిగి మర్యాద నేర్చుకోవాల్సిన ఖర్మ దీనికి లేదు. దీనికున్న మర్యాద ఆ గదిలో ఒక్కరికీ లేదు. తన గురించి తను చెప్పుకోవడం ఒక్కటే రాదు. అది నేర్పకుండా పెంచింది నేను. నేర్పేదీ నేనే.”

కొబ్బరిపాలు మసీనా వేళ్ళ మీద నుంచి ఆకులోకి కారుతున్నాయి. ఫాలానికో చేమదుంపల బుట్ట పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

“ఇంత పెద్ద సంగతి,” అంది వదిన. “ఎవర్నడిగి చేశావ్?”

“ఎవర్నీ అడగలేదు వదినా. చెబుతున్నాను.”